యూఎస్‌బీ డ్రైవర్ కోడ్ సమీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

లైనక్స్ కెర్నల్‌కు వచ్చే యూఎస్‌బీ డ్రైవర్ ప్యాచ్‌లను కొత్తగా సమీక్షిస్తున్నవారు అవే సందేహాలను మళ్ళీ మళ్ళీ అడుగుతుంటారు కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ప్రశ్నలు సమీక్ష సాగే దశల వరుసలో ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన చోటికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. సీ భాషతోను, కెర్నల్ మాడ్యూళ్ళతోను పరిచయం ఉన్న పాఠకుల కోసం రాసింది ఇది. యూఎస్‌బీ పోర్టులను నడిపే హోస్ట్ కంట్రోలర్ డ్రైవర్లు, మెషీనే యూఎస్‌బీ పరికరంగా పనిచేసే గాడ్జెట్ వైపు డ్రైవర్లు దీని పరిధిలో లేవు.

## చదవడం మొదలుపెట్టే ముందు

ఈ పరికరానికి అసలు కెర్నల్ డ్రైవర్ అవసరమా అని అడగడం సమీక్షకుడి పనేనా?

పనే, పైగా మొదటి పని. పరికరం నుంచి వచ్చిన బైట్లను ఒక ఐఆక్టల్ (ప్రోగ్రామ్ డ్రైవర్‌కు ఆదేశమిచ్చే సిస్టమ్ పిలుపు) ద్వారా యథాతథంగా ప్రోగ్రామ్‌కు అందించడం తప్ప డ్రైవర్ చేసేదేమీ లేకపోతే, ఆ పని యూజర్‌స్పేస్‌లోనే (కెర్నల్ బయటే) లిబ్‌యూఎస్‌బీ లైబ్రరీతో జరిగిపోతుంది. కీబోర్డు, మౌస్ వంటి హెచ్‌ఐడీ పరికరమైతే కెర్నల్‌లో ఇప్పటికే ఉన్న హిడ్‌రా చాలు. నెట్‌వర్క్, ధ్వని, ఇన్‌పుట్, వీడియో, సీరియల్ వంటి ఇప్పటికే ఉన్న కెర్నల్ వ్యవస్థలో పరికరం కలవవలసి వచ్చినప్పుడు కెర్నల్ డ్రైవర్‌కు అర్థం ఉంది. కొత్త ఐఆక్టల్ ఒకసారి విడుదలైతే దాన్ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం కాబట్టి ఈ ప్రశ్నను నాలుగో వెర్షన్ దాకా దాచిపెట్టకుండా మొదటి వెర్షన్‌కే అడగడం రచయితకు కూడా మేలు.

వేల లైన్ల డ్రైవర్‌ను ఏ వరుసలో చదవాలి?

ఫైల్‌లో ఉన్న వరుసలో మాత్రం వద్దు. ముందుగా స్ట్రక్ట్ యూఎస్‌బీ_డ్రైవర్‌ను చూస్తే ఏ కాల్‌బ్యాక్‌లు ఉన్నాయో, అంతకన్నా ముఖ్యంగా ఏవి లేవో తెలుస్తుంది. తరువాత డ్రైవర్ సొంత స్ట్రక్చర్‌ను తీసుకొని, అందులోని ఒక్కొక్క ఫీల్డ్‌కు మెమరీ ఎవరు కేటాయిస్తున్నారు, ఎవరు విడుదల చేస్తున్నారు, ఏ లాక్ కాపాడుతోంది అన్న మూడు సంగతులు రాసుకోవాలి. ఈ పట్టికలో పూరించలేకపోయిన గడులు ఎక్కడుంటాయో బగ్‌లు కూడా సాధారణంగా అక్కడే ఉంటాయి.

ఆపైన డ్రైవర్ పరికరం నుంచి విడిపోయేటప్పుడు నడిచే డిస్‌కనెక్ట్ చదివి, దాని తరువాత పరికరం దొరికినప్పుడు నడిచే ప్రోబ్‌లోని తప్పు దారులను (ఏదైనా విఫలమైనప్పుడు నడిచే కోడ్‌ను), ఒక్కో బదిలీ ముగిశాక నడిచే కంప్లీషన్ ఫంక్షన్లను చదవాలి. డేటా సక్రమంగా పంపి తీసుకునే ప్రధాన మార్గాన్ని చివరికి వదిలినా నష్టం లేదు, ఎందుకంటే దాన్ని రచయిత తన పరికరంతో ఎన్నోసార్లు నడిపే ఉంటారు. సమీక్షకుడి సమయం ఎవరూ నడపని దారుల మీద ఖర్చు కావాలి.

ఒక్క ఐడీ మాత్రమే చేర్చిన ప్యాచ్‌ను కూడా ఇంత పట్టి చూడాలా?

ఇంత అక్కరలేదు కాని, రెండు నిమిషాలు చూడాలి. యూఎస్‌బీ డ్రైవర్ అతుక్కునేది మొత్తం పరికరానికి కాదు, దానిలోని ఒక ఇంటర్‌ఫేస్‌కు. ఒక మోడెమ్‌లో సీరియల్ పోర్టులు, నెట్‌వర్క్, డీబగ్ ఇంటర్‌ఫేస్‌లు పక్కపక్కనే ఉంటాయి. వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ మాత్రమే సరిపోల్చే మ్యాక్రో వాడితే సీరియల్ డ్రైవర్ వెళ్ళి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ను కూడా పట్టుకుంటుంది. అందుకే యూఎస్‌బీ-డివైజెస్ ఆదేశం ఇచ్చే వివరాలను కమిట్ సందేశంలో చేర్చమని అడగడం రివాజు. కొత్త డ్రైవర్‌లోనైతే మాడ్యూల్_డివైజ్_టేబుల్ లైన్ ఉందో లేదో కూడా చూడాలి. అది లేకపోతే పరికరం గుచ్చినప్పుడు మాడ్యూల్ తనంతట తాను లోడ్ కాదు.

## ప్రోబ్ దశ

పరికరం తన డిస్క్రిప్టర్లలో (తనను తాను వర్ణించుకుంటూ పంపే పట్టికలలో) చెప్పినదాన్ని నమ్మవచ్చా?

నమ్మకూడదు. యూఎస్‌బీ పరికరం ఫర్మ్‌వేర్‌ను మార్చి దానిచేత ఏ వేషమైనా వేయించవచ్చని 2014లో బ్యాడ్‌యూఎస్‌బీ పేరుతో బహిరంగంగా చూపించారు. ఆ తరువాత సిజ్‌కాలర్ ఫజ్జర్ (చెడు ఇన్‌పుట్‌లతో కోడ్‌ను పరీక్షించే సాధనం) తప్పుడు డిస్క్రిప్టర్లను తయారుచేసి కెర్నల్ మీదకు వదిలినప్పుడు ఏళ్ళ తరబడి స్థిరంగా పనిచేసిన డ్రైవర్లు కూడా కూలిపోయాయి.

చాలా డ్రైవర్లలో కనిపించే ఒక నమూనాను దగ్గరగా చూద్దాం. ప్రోబ్ ప్రస్తుత ఆల్ట్‌సెట్టింగ్‌ను (ఇంటర్‌ఫేస్ ప్రస్తుత అమరికను) తీసుకొని, అందులోని ఎండ్‌పాయింట్ (డేటా వచ్చే లేదా వెళ్ళే ద్వారం) ఆర్రే సున్నా, ఒకటి స్థానాలను నేరుగా చదివి, మొదటిది ఇన్ అనీ, రెండవది అవుట్ అనీ అనుకుంటుంది. పరికరం తనకు ఒక్క ఎండ్‌పాయింటే ఉందని ప్రకటిస్తే ఈ కోడ్ ఆర్రే బయటి మెమరీని చదువుతుంది. ఎండ్‌పాయింట్లు రెండూ ఉన్నా బల్క్ స్థానంలో ఇంటరప్ట్ ఎండ్‌పాయింట్ ఉంటే, యూఆర్‌బీని (ఒక బదిలీ అభ్యర్థనను) సబ్మిట్ చేసిన క్షణాన యూఎస్‌బీ కోర్ రకం కుదరలేదని హెచ్చరికను లాగ్‌లో కుమ్మరిస్తుంది. యూఎస్‌బీ_ఫైండ్_కామన్_ఎండ్‌పాయింట్స్ ఫంక్షన్ సంఖ్యను, దిశను, రకాన్ని ఒకేసారి చూస్తుంది కాబట్టి చేత్తో రాసిన వెతుకులాట లూప్ కనిపిస్తే దాన్ని సూచించవచ్చు.

గరిష్ఠ ప్యాకెట్ పరిమాణాన్ని భాగహారంలో వాడుతుంటే అది సున్నా అయ్యే అవకాశాన్ని చూడాలి. నమ్మకపోవడం ప్రోబ్‌తో ముగిసేది కూడా కాదు: ప్యాకెట్ లోపల పరికరం రాసిన పొడవును పట్టుకొని కాపీ చేసే ప్రతి చోటా ఆ పొడవును నిజంగా వచ్చిన బైట్ల సంఖ్యతో పోల్చారా అని అడగాలి.

కంట్రోల్ మెసేజ్ బఫర్ స్టాక్ మీద ఉంటే నిజంగా తప్పా? రచయిత మెషీన్‌లో పనిచేస్తోంది కదా?

తప్పే. యూఎస్‌బీ_కంట్రోల్_మెసేజ్‌కు ఇచ్చే బఫర్‌ను హోస్ట్ కంట్రోలర్ డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా, నేరుగా అందుకుంటుంది. స్టాక్ మెమరీ అందుకు తగినది కాదు. 2016 డిసెంబరులో వచ్చిన 4.9 కెర్నల్ నుంచి ఎక్స్86 మెషీన్లలో స్టాక్‌ను వీమ్యాప్ ప్రదేశంలో (భౌతికంగా వరుసగా ఉండనక్కరలేని మెమరీలో) పెట్టే వీలు కలిగాక ఈ తప్పు అందరికీ కనిపించసాగింది, అంతకుముందు అదృష్టవశాత్తు పని జరిగిపోయేది.

దీనికి తక్కువగా గుర్తించే మరో రూపం ఉంది. బఫర్‌ను విడిగా కేటాయించకుండా డ్రైవర్ స్ట్రక్చర్‌లోనే 8 బైట్ల ఆర్రేగా ఇమిడ్చి, దాని పక్కనే ఒక స్పిన్‌లాక్ పెడతారు. రెండూ ఒకే క్యాష్ లైన్‌లో పడితే, క్యాష్ సమన్వయం హార్డ్‌వేర్‌లో లేని ప్రాసెసర్ల మీద డీఎంఏ జరిగేటప్పుడు పక్క ఫీల్డ్ చెడిపోతుంది. రచయిత ల్యాప్‌టాప్‌లో ఇది ఎన్నటికీ బయటపడదు. బఫర్‌కు విడిగా కేమ్యాలాక్ చేయమనండి. చిన్న డేటా కోసమైతే 2020లో 5.10తో వచ్చిన యూఎస్‌బీ_కంట్రోల్_మెసేజ్_సెండ్, యూఎస్‌బీ_కంట్రోల్_మెసేజ్_రిసీవ్ ఫంక్షన్లు లోపలే కాపీ చేసుకుంటాయి కాబట్టి వాటికి స్టాక్ చరరాశిని ఇవ్వవచ్చు.

ఈ రెండింటికీ ఇంకో లాభం ఉంది. పాత ఫంక్షన్ వచ్చిన బైట్ల సంఖ్యను తిరిగి ఇస్తుంది. రుణ సంఖ్య వస్తేనే తప్పు అనుకున్న కోడ్, 4 బైట్లు అడిగినప్పుడు 1 బైటే వచ్చినా విజయంగా భావించి మిగిలిన మూడు బైట్ల చెత్తను చదువుతుంది. కొత్త రిసీవ్ ఫంక్షన్ పూర్తి పొడవు రాకపోతే తప్పుగానే చెబుతుంది.

ఎండియన్ మార్పిడి విషయంలో ఏవి చూడాలి?

యూఎస్‌బీ తీగ మీద బహుళ బైట్ల సంఖ్యలన్నీ లిటిల్ ఎండియన్, అంటే తక్కువ విలువ బైట్ ముందు వస్తుంది. డిస్క్రిప్టర్ ఫీల్డ్‌లను నేరుగా పోల్చే కోడ్ కనిపిస్తే మార్పిడి అడగాలి. దీనికి తిరగబడ్డ తప్పు కూడా తరచుగా వస్తుంది: యూఎస్‌బీ_కంట్రోల్_మెసేజ్ వ్యాల్యూ, ఇండెక్స్ ఆర్గ్యుమెంట్లను తానే మార్చుకుంటుంది కాబట్టి రచయిత ముందే మార్చి ఇస్తే బిగ్ ఎండియన్ మెషీన్‌లో బైట్లు రెండుసార్లు తారుమారై తప్పు విలువ తీగ మీదకు వెళుతుంది. స్పార్స్ అనే కోడ్ తనిఖీ సాధనంతో కంపైల్ చేస్తే ఈ రెండూ దొరుకుతాయి.

ప్రోబ్‌లో రిజిస్ట్రేషన్ ఎక్కడ ఉండాలి?

చివరన. యూఎస్‌బీ_రిజిస్టర్_డెవ్ గాని, ఇన్‌పుట్ లేదా నెట్‌వర్క్ రిజిస్ట్రేషన్ గాని పిలిచిన మరుక్షణమే, ప్రోబ్ ఇంకా తిరిగి రాకముందే, ఓపెన్ రావచ్చు. లాక్, వెయిట్ క్యూ, ఇంటర్‌ఫేస్ డేటా, బఫర్లు అన్నీ అప్పటికే సిద్ధంగా ఉండాలి. రిజిస్ట్రేషన్ తరువాత ఒక్క మ్యూటెక్స్_ఇనిట్ కనిపించినా అది సరిదిద్దవలసిన తప్పే.

డెవ్ఎమ్ కేటాయింపులు (డ్రైవర్ విడిపోయినప్పుడు కెర్నలే విడుదల చేసేవి) వాడితే విడుదల గురించి చింత అక్కరలేదా?

కొంత తగ్గుతుంది, కొత్తది పుడుతుంది. డెవ్ఎమ్ మెమరీ డిస్‌కనెక్ట్ తిరిగి వచ్చిన వెంటనే విడుదలవుతుంది. యూజర్ ప్రోగ్రామ్ ఇంకా ఫైల్‌ను తెరిచే ఉంచితే ఆ ఫైల్ చూపించే స్ట్రక్చర్ అప్పటికే పోయి ఉంటుంది కాబట్టి, క్యారెక్టర్ డివైజ్ ఇచ్చే డ్రైవర్ తన ప్రధాన స్ట్రక్చర్‌ను డెవ్ఎమ్‌తో కేటాయిస్తే దాదాపు తప్పకుండా బగ్ ఉన్నట్టే. రెండవది, కేటాయింపును ఇంటర్‌ఫేస్ డివైజ్‌కు కట్టాలి తప్ప యూఎస్‌బీ డివైజ్‌కు కాదు. పొరపాటున రెండవదానికి కడితే, డ్రైవర్ విడిపోయినా పరికరం ఉన్నంతకాలం మెమరీ అలాగే ఉండిపోతుంది. మళ్ళీ బైండ్ చేసినప్పుడల్లా లీక్ పెరుగుతుంది.

## డేటా పంపడం, తీసుకోవడం

కంప్లీషన్ ఫంక్షన్‌లో ఏవి కనిపిస్తే ఆగి చూడాలి?

నిద్రపోగల ప్రతి పిలుపూ. కంప్లీషన్ ఫంక్షన్ అటామిక్ (నిద్రపోకూడని) సందర్భంలో నడుస్తుంది కాబట్టి మ్యూటెక్స్, జీఎఫ్‌పీ_కెర్నల్ (నిద్రపోగల మెమరీ కేటాయింపు), కంట్రోల్ మెసేజ్, యూఎస్‌బీ_క్లియర్_హాల్ట్, యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ ఇవేవీ అక్కడ ఉండకూడదు. నేరుగా కనిపించకపోయినా, కంప్లీషన్ పిలిచే సహాయక ఫంక్షన్ రెండు మెట్లు కిందికి వెళ్ళాక వీటిలో ఒకదాన్ని పిలుస్తుండవచ్చు. ఆ గొలుసును చివరిదాకా చూడాలి. డేటాను చదివేటప్పుడు బఫర్ మొత్తం పరిమాణాన్ని కాక యాక్చువల్_లెంగ్త్‌ను ఆధారం చేసుకున్నారా, సున్నా పొడవు వస్తే మొదటి బైట్‌ను చదివేస్తున్నారా అన్నవి కూడా ఇక్కడే చూడాలి.

స్టేటస్‌లో తప్పు వచ్చినప్పుడు మళ్ళీ సబ్మిట్ చేయాలా, ఆపేయాలా?

తప్పును బట్టి ఉంటుంది. అన్ని తప్పులనూ ఒకే గాటన కట్టిన కోడ్ ఎటు చూసినా సరైనది కాదు. ఈనోఎంట్, ఈకన్‌రీసెట్, ఈషట్‌డౌన్ వస్తే యూఆర్‌బీని ఎవరో కావాలని ఆపారనో, పరికరం పోయిందనో అర్థం; నిశ్శబ్దంగా వెనుదిరగాలి, లాగ్‌లో ఎర్రర్ కూడా రాయనక్కరలేదు. ఈపైప్ వస్తే ఎండ్‌పాయింట్ స్టాల్ అయింది (ఆగిపోయింది). దాన్ని క్లియర్ చేయడానికి నిద్రపోవలసి వస్తుంది కాబట్టి ఆ పనిని వర్క్ ఐటమ్‌కు (తరువాత నిద్రపోగల సందర్భంలో నడిచే ఫంక్షన్‌కు) అప్పగించాలి. ఈఓవర్‌ఫ్లో అంటే పరికరం మనం ఇచ్చిన చోటు కన్నా ఎక్కువ పంపింది.

చిక్కంతా ఈప్రోటో, ఈఐఎల్‌సెక్, ఈటైమ్‌ల దగ్గర ఉంది. కేబుల్ చెడినా, తీగ మీద రొద ఉన్నా ఇవే వస్తాయి. పరికరాన్ని ఊడదీసిన క్షణానికీ హబ్ డ్రైవర్ డిస్‌కనెక్ట్ మొదలుపెట్టే క్షణానికీ మధ్య పంపిన ప్రతి అభ్యర్థనకూ ఇవే రావచ్చు. ఆ వ్యవధిలో డ్రైవర్ తప్పు రాగానే లాగ్‌లో ఒక లైన్ రాసి వెంటనే మళ్ళీ సబ్మిట్ చేస్తుంటే, ఆ యూఆర్‌బీ మరుక్షణమే మళ్ళీ తప్పుతో తిరిగి వస్తుంది. ఈ లూప్ ప్రాసెసర్‌ను పూర్తిగా ఆక్రమించి, హబ్ డ్రైవర్‌కు అవకాశమే రాకుండా చేసి మెషీన్‌ను స్తంభింపజేసిన సందర్భాలను ఫజ్జర్లు చాలాసార్లు పట్టుకున్నాయి.

దీనికి మంచి పరిష్కారం యూఎస్‌బీహిడ్ డ్రైవర్‌లో ఉంది. అది తప్పు వచ్చాక 13 మిల్లీసెకన్లు ఆగి ప్రయత్నించి, విరామాన్ని 26, 52, 104గా రెట్టింపు చేసుకుంటూ పోయి, సుమారు ఒక సెకను గడిచినా తేరుకోకపోతే పరికరాన్ని రీసెట్ చేస్తుంది. ప్రతి డ్రైవర్‌కూ ఇంత అవసరం లేకపోవచ్చు; వరుసగా కొన్ని తప్పులు రాగానే ఆపేసినా అభ్యంతరం లేదు. లెక్కా, విరామమూ రెండూ లేని రీసబ్మిట్‌ను మాత్రం అంగీకరించకూడదు.

రిసీవ్ బఫర్ 64 బైట్లు పెట్టారు. అది చాలదా?

ఫుల్ స్పీడ్ బల్క్ ఎండ్‌పాయింట్‌కు గరిష్ఠం 64 బైట్లు కాబట్టి ఆ సంఖ్య పాత కోడ్ నుంచి అలాగే నడిచి వస్తుంటుంది. హై స్పీడ్‌లో బల్క్ ప్యాకెట్ 512, సూపర్ స్పీడ్‌లో 1024 బైట్లు. హోస్ట్ 64 బైట్లే అడిగి, పరికరం అంతకన్నా పెద్ద ప్యాకెట్ పంపితే ఈఓవర్‌ఫ్లోతో ఆ బదిలీయే విఫలమవుతుంది. ఇన్ బఫర్ పరిమాణం యూఎస్‌బీ_ఎండ్‌పాయింట్_మ్యాక్స్‌పీ ఇచ్చే విలువకు గుణిజంగా ఉండాలి. అవుట్ దిశలో వేరే సందేహం అడగాలి: పంపే డేటా సరిగ్గా ప్యాకెట్ పరిమాణానికి గుణిజమైతే, ముగింపును సూచించే శూన్య ప్యాకెట్‌ను పరికరం ఆశిస్తోందా? ఆశిస్తే యూఆర్‌బీ_జీరో_ప్యాకెట్ జెండా ఉండాలి.

టైమౌట్‌గా సున్నా ఇస్తే ఏమవుతుంది?

సింక్రనస్ పిలుపులలో చిరకాలంగా సున్నా అంటే గడువు లేకుండా ఎదురుచూడమని అర్థం. మొండికేసిన పరికరం ఒక్కటి చాలు, ఆ ప్రాసెస్‌ను చంపడానికి కూడా వీలులేకుండా ఆపేస్తుంది. విలువ మిల్లీసెకన్లలో ఉండాలి కాబట్టి హెచ్‌జెడ్‌తో (సెకనుకు కెర్నల్ గడియారపు టిక్కుల సంఖ్యతో) లెక్కకట్టిన టైమౌట్ కనిపించినా తప్పే. ప్రామాణిక కంట్రోల్ టైమౌట్ మ్యాక్రోల విలువ 5000.

## డిస్‌కనెక్ట్

డిస్‌కనెక్ట్ అంటే కేబుల్ ఊడదీయడమే కదా?

అదొక్కటే కాదు. మాడ్యూల్‌ను తొలగించినా, పరికరాలను ఫైళ్ళుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని అన్‌బైండ్ ఫైల్‌లో రాసినా, కాన్ఫిగరేషన్ మార్చినా, రీసెట్ తరువాత పరికరం మరో రూపంలో తిరిగివచ్చినా డిస్‌కనెక్ట్ పిలుపు వస్తుంది. అంటే పరికరం ఇంకా కరెంటుతో, పనిచేస్తూనే ఉండవచ్చు. పరికరాన్ని ఆపే ఆదేశాన్ని డిస్‌కనెక్ట్ నుంచి ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్ల ద్వారా పంపాలనుకుంటే డ్రైవర్ సాఫ్ట్_అన్‌బైండ్‌ను కోరి ఉండాలి. లేకపోతే డిస్‌కనెక్ట్ పిలవకముందే యూఎస్‌బీ కోర్ ఆ ఇంటర్‌ఫేస్ ఎండ్‌పాయింట్లను నిలిపివేస్తుంది.

ఫైల్ తెరిచి ఉండగా పరికరం ఊడితే డ్రైవర్ ఎలా ఉండాలి?

తప్పుగా రాసిన డ్రైవర్‌లో జరిగేది ఇది. ఒక ప్రోగ్రామ్ రీడ్ పిలిచి, మ్యూటెక్స్ పట్టుకొని డేటా కోసం నిద్రపోతోంది. కేబుల్ ఊడింది. హబ్ థ్రెడ్ నుంచి డిస్‌కనెక్ట్ వచ్చి యూఆర్‌బీలను చంపి, స్ట్రక్చర్‌ను కేఫ్రీ చేసి వెళ్ళిపోయింది. రీడ్ మేలుకొని మ్యూటెక్స్ వదలబోతుంది, కాని ఆ మ్యూటెక్స్ ఉన్న మెమరీ అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు.

దీన్ని సరిదిద్దడానికి మూడు భాగాలు కావాలి, మూడూ ఉన్నాయో లేవో చూడాలి. స్ట్రక్చర్‌కు రిఫరెన్స్ లెక్క ఉండి, ఓపెన్‌లో పెరిగి, రిలీజ్‌లోను, డిస్‌కనెక్ట్‌లోను తగ్గాలి. చివరివారు వదిలినప్పుడే విడుదల జరగాలి. పరికరం పోయిందని చెప్పే జెండాను డిస్‌కనెక్ట్ ఒక మ్యూటెక్స్ కింద నిలపాలి, రీడ్, రైట్, ఐఆక్టల్ ప్రతిదీ అదే మ్యూటెక్స్ కింద దాన్ని చూశాకే హార్డ్‌వేర్ జోలికి వెళ్ళాలి. నిద్రపోతున్నవారిని డిస్‌కనెక్ట్ లేపాలి, లేచినవారు జెండా చూసి ఈనోడెవ్‌తో వెనుదిరగాలి. డేటా కోసం నిద్రపోయేటప్పుడు ఆ మ్యూటెక్స్‌ను వదలకపోతే డిస్‌కనెక్ట్ దానికోసమే ఆగిపోతుంది. మిగతా రెండు భాగాలూ సరిగ్గా రాసినవారు కూడా దీన్ని మరిచిపోతుంటారు. రిఫరెన్స్ లెక్కను, జెండాను ఎలా రాయాలో కెర్నల్‌లోని యూఎస్‌బీ-స్కెలిటన్ నమూనా డ్రైవర్ చూపిస్తుంది.

స్ట్రక్చర్ డిస్‌కనెక్ట్ తరువాత కూడా బతికి, యూఎస్‌బీ డివైజ్ పాయింటర్‌ను వాడేట్టయితే యూఎస్‌బీ_గెట్_డెవ్ తీసుకొని ఉండాలి. ప్రోబ్ విఫలమయ్యే ప్రతి దారిలోనూ దానికి జోడీ పుట్ ఉందేమో లెక్కపెట్టాలి.

యూఆర్‌బీ, వర్క్, టైమర్: వీటిలో ఏది ముందు ఆపాలి?

కాగితం మీద బాణాలు గీయకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. ఎవరు ఎవరిని మళ్ళీ మొదలుపెడుతున్నారో గీస్తే చాలా డ్రైవర్లలో వలయం కనిపిస్తుంది: కంప్లీషన్ వర్క్‌ను షెడ్యూల్ చేస్తుంది, వర్క్ యూఆర్‌బీని సబ్మిట్ చేస్తుంది. ముందు యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ పిలిస్తే, అప్పటికే క్యూలో ఉన్న వర్క్ నడిచి చంపిన యూఆర్‌బీని మళ్ళీ పంపుతుంది. ముందు వర్క్‌ను రద్దు చేస్తే, ఇంకా నడుస్తున్న యూఆర్‌బీ ముగిసి దాన్ని మళ్ళీ షెడ్యూల్ చేస్తుంది. వరుస మార్చడంతో ఇది తెగదు. యూఎస్‌బీ_పాయిజన్_యూఆర్‌బీ ప్రస్తుత బదిలీని ఆపడమే కాక తరువాతి సబ్మిట్‌లను కూడా తిరస్కరిస్తుంది కాబట్టి, ముందు దాన్ని పిలిచి ఆపైన క్యాన్సెల్_వర్క్_సింక్ పిలిస్తే వలయం తెగుతుంది. టైమర్ కూడా వలయంలో ఉంటే, మళ్ళీ మొదలుకానివ్వని టైమర్_షట్‌డౌన్_సింక్ ఉంది. కంప్లీషన్ తన యూఆర్‌బీని తానే మళ్ళీ పంపుకోవడం తప్ప వేరే దారి లేని డ్రైవర్‌కు యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ చాలు.

ఈ పిలుపులన్నీ నిద్రపోతాయి లేదా ముగిసేదాకా ఆగుతాయి, కాబట్టి స్పిన్‌లాక్ కింద ఉండకూడదు. యూఎస్‌బీ_అన్‌లింక్_యూఆర్‌బీ నిద్రపోదు కాని ముగిసేదాకా ఆగదు కూడా. దాని వెంటనే బఫర్‌ను కేఫ్రీ చేసిన కోడ్‌ను వెనక్కి పంపాలి.

## సస్పెండ్, రెజ్యూమ్, రీసెట్

సస్పెండ్, రెజ్యూమ్ ఫంక్షన్లు లేని డ్రైవర్‌ను తిరస్కరించాలా?

అక్కరలేదు. అవి లేకపోతే సిస్టమ్ నిద్రపోయేటప్పుడు కోర్ డ్రైవర్‌ను విడదీసి, లేచాక మళ్ళీ ప్రోబ్ చేస్తుంది. చిన్న డ్రైవర్లకు అది సరిపోతుంది, తప్పుగా రాసిన రెజ్యూమ్ కన్నా నయం కూడా. ఆటోసస్పెండ్‌ను (వాడకంలో లేని పరికరాన్ని నిద్రపుచ్చడాన్ని) ఎంచుకున్న డ్రైవర్‌లో మాత్రం యూఎస్‌బీ_ఆటోపీఎం_గెట్_ఇంటర్‌ఫేస్‌కు, పుట్‌కు మధ్య లెక్క ప్రతి తప్పు దారిలోనూ సరిపోవాలి. గెట్ విఫలమైనప్పుడు పుట్ పిలవకూడదు; విజయవంతమై తరువాతి మెట్టులో తప్పు వస్తే పిలవాలి.

రెజ్యూమ్‌లో జీఎఫ్‌పీ_నోఐఓ (డిస్కు పని మొదలుపెట్టని మెమరీ కేటాయింపు) ఎందుకు వాడమంటున్నారు? మన పరికరం స్టోరేజ్ కాదు కదా?

మన ఇంటర్‌ఫేస్ కాకపోవచ్చు, కాని అదే పరికరంలోని పక్క ఇంటర్‌ఫేస్ స్టోరేజ్ కావచ్చు. రీసెట్, రెజ్యూమ్ పరికరం మొత్తానికి జరుగుతాయి. అప్పుడు మన డ్రైవర్ జీఎఫ్‌పీ_కెర్నల్‌తో మెమరీ అడిగితే, కెర్నల్ చోటు చేయడానికి మురికి పేజీలను (మారినా ఇంకా డిస్కుకు చేరని మెమరీని) డిస్కుకు రాయాలనుకోవచ్చు. ఆ డిస్కు ఇంకా లేవని ఈ పరికరమే అయితే ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఆగిపోతారు. యూఎస్‌బీ_రీసెట్_డివైజ్ తనను పిలిచిన థ్రెడ్ వరకు ఈ రక్షణను తానే ఏర్పాటు చేస్తుంది. అయితే రీసెట్ తరువాత పిలిచే పోస్ట్_రీసెట్ ఎదురుచూసే మ్యూటెక్స్‌ను వేరే థ్రెడ్ పట్టుకొని, దాని కింద జీఎఫ్‌పీ_కెర్నల్‌తో కేటాయిస్తుంటే ఆ రక్షణ అక్కడికి చేరదు. సమీక్షలో వెతకవలసింది ఆ రెండవ థ్రెడ్‌ను.

## పరీక్షలు

ఆ పరికరం నా దగ్గర లేదు. అయినా సమీక్షించవచ్చా?

తప్పకుండా. ఇక్కడ చూసే లోపాలలో ఎక్కువ భాగం చదివితేనే దొరికేవి. ప్రోబ్‌ను నడిపి చూడాలనుకుంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన నకిలీ హోస్ట్ కంట్రోలర్ డమ్మీ_హెచ్‌సీడీతోను, 2020లో 5.7తో వచ్చిన రా గాడ్జెట్‌తోను కోరిన డిస్క్రిప్టర్లు ఉన్న నకిలీ పరికరాన్ని అదే మెషీన్‌లో సృష్టించవచ్చు. టెస్టెడ్-బై ట్యాగ్ (పరీక్షించినవారి పేరు తెలిపే లైన్) మాత్రం నిజమైన హార్డ్‌వేర్ మీద నడిపినవారే ఇవ్వాలి.

రచయితను ఏ పరీక్షలు చేయమని అడగడం న్యాయం?

మెమరీ తప్పులను పట్టే కేశాన్, లాకింగ్ తప్పులను పట్టే లాక్‌డెప్, డీఎంఏ డీబగ్ ఆన్ చేసిన కెర్నల్‌లో, డేటా ప్రవహిస్తుండగా పరికరాన్ని ఊడదీయమనండి. ఫైల్ తెరిచి ఉంచి ఊడదీసి, ఆ తరువాత మూయమనండి. కేబుల్ దాకా వెళ్ళలేనివారు సిస్‌ఎఫ్‌ఎస్‌లోని ఆథరైజ్డ్ ఫైల్‌లో సున్నా రాసి దాదాపు అదే ఫలితం పొందవచ్చు. నడుస్తుండగా సిస్టమ్‌ను నిద్రపుచ్చి లేపమనండి. ప్రోటోకాల్ గురించి వాదన వస్తే యూఎస్‌బీ రాకపోకలను రికార్డు చేసే యూఎస్‌బీమాన్ నమోదును అడగడమే మేలు, జ్ఞాపకం మీద ఆధారపడిన చర్చ ఎటూ తేలదు.

## అభిప్రాయం రాయడం

చెక్‌ప్యాచ్ (కోడ్ శైలిని తనిఖీ చేసే స్క్రిప్ట్) హెచ్చరికలన్నిటినీ నేను ప్రస్తావించాలా?

వద్దు. స్క్రిప్ట్ నడిపి రమ్మని ఒక వాక్యం చాలు. మూడు ఖాళీల గురించి పది వ్యాఖ్యల మధ్య ఒక విడుదలైన పాయింటర్ గురించిన వ్యాఖ్య ఉంటే, రచయిత తరువాతి వెర్షన్‌లో ఖాళీలను సరిచేసి పంపుతారు. జీవితకాలం, లాకింగ్ లోపాలను ముందు రాసి, శైలిని చివరికి వదలండి.

లాకింగ్ తప్పును రచయితకు ఎలా చెబితే అర్థమవుతుంది?

రెండు నిలువు వరుసలుగా. ఎడమ వైపు ఒక సీపీయూలో నడిచే వాక్యాలు, కుడి వైపు రెండవ సీపీయూలో నడిచేవి, కాలక్రమంలో పైనుంచి కిందికి. ఇక్కడ రేస్ (రెండు సీపీయూల పనుల వరుసను బట్టి వచ్చే తప్పు) ఉందేమో అని రాస్తే లేదని జవాబు వస్తుంది. నాలుగు లైన్ల పట్టిక రాస్తే ప్యాచ్ వస్తుంది. మీరే ఆ పట్టికను పూర్తిచేయలేకపోతే రేస్ లేదేమో, అది తెలియడం కూడా మంచిదే.

రివ్యూడ్-బై, ఎక్డ్-బై: ఏది ఎప్పుడు ఇవ్వాలి?

రివ్యూడ్-బై ఇస్తే కోడ్‌ను సాంకేతికంగా పరిశీలించి, తెలిసిన లోపాలేవీ మిగలలేదని మీ పేరుతో చెప్పినట్టు. ఎక్డ్-బై అంతకన్నా తేలిక. ఆ భాగం బాధ్యులు మార్పుకు సమ్మతించారని తెలుపుతుంది. పవర్ మేనేజ్‌మెంట్ భాగం మీకు అర్థం కాకపోతే ఆ మాట రాసి, చదివినంతవరకు మీ వ్యాఖ్యలు ఇవ్వండి; ట్యాగ్‌ను ఇంకొకరికి వదలండి.

దొరికిన బగ్‌ను సరిచేసే ప్యాచ్‌లో ఫిక్సెస్ ట్యాగ్‌ను కూడా సరిచూడాలా?

చూడాలి. అందులోని కమిట్ హ్యాష్ కనీసం 12 అక్షరాలు ఉండి, బగ్‌ను నిజంగా ప్రవేశపెట్టిన కమిట్‌ను చూపాలి. ఫైల్‌ను ఒక డైరెక్టరీ నుంచి మరోదానికి మార్చిన కమిట్‌నో, ఇండెంటేషన్ సరిచేసిన కమిట్‌నో, ఒక్కో లైన్‌ను చివరిగా మార్చిన కమిట్‌ను చెప్పే గిట్ బ్లేమ్ ముందు చూపిస్తుంది. రచయితలు దాన్నే అతికిస్తుంటారు. స్టేబుల్ కెర్నల్‌లకు ప్యాచ్ ఎంత వెనక్కి వెళ్ళాలో నిర్ణయించేవారు ఆ లైన్‌నే చూస్తారు కాబట్టి, తప్పు హ్యాష్ ఉంటే పాత కెర్నల్‌లలో బగ్ అలాగే మిగిలిపోతుంది.